స్మృతిలేని చారుడు: శోధనయంత్రముల చరిత్రలో నొక ఘట్టము



రాజులు చారచక్షువులని మన నీతిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కోటలో కూర్చున్న రాజునకు రాజ్యమంతయు కనబడదు. కావున నాతడు చారులను పంపి, వారి కన్నులతో చూచును. నేడు మనము వెదకదలచిన మాటను తెరమీద వ్రాసి మీట నొక్కిన నిమేషములోనే వేలకొలది పుటల పేళ్లు మన యెదుట నిలుచుచున్నవి. మన మడిగిన క్షణముననే యా శోధనయంత్రము లోకమంతయు తిరిగివచ్చుచున్నదని కొందఱు భావింతురు. నిజమట్లు కాదు. దానికిని చారులున్నారు. వారు ముందుగనే యూరూర తిరిగి, పుటలను చదివి, ప్రతులను తెచ్చి యిచ్చియున్నారు. యంత్రము వానికి పదసూచిక కట్టి దాచుకొన్నది. మనము సంప్రతించునది యా సూచికను మాత్రమే. ఈ చారుడు మనుష్యుడు కాడు, ఒక ప్రోగ్రాము. దీనిని ఇంగ్లీషున క్రాలరనియు, రోబో యనియు, స్పైడరనియు పిలుచుచుందురు.

ఈ చారునకొక విచిత్రలక్షణము కలదు. ఒకే యింటికి నూఱు మారులు వచ్చినను, ప్రతి మారును తొలిసారి వచ్చిన యపరిచితునివలెనే గుమ్మమున నిలుచును. ఇంటివారు గుర్తుగా నేదైన చేతికిచ్చినచో, బయటికి వచ్చుచునే దానిని పాఱవైచును. ఆ గుర్తునకు కుకీ యని పేరు. అట్టి గుర్తును బట్టి యొక యతిథి వచ్చినది మొదలు పోవువఱకు జరిగిన దానిని లెక్కవ్రాయుటకు సెషను నడపుట యని పేరు. చారుడా గుర్తును నిరాకరించుట యేల? నిరాకరించుటవలన నెవ్వరికి మేలు కలిగెను, ఎవ్వరికి కీడు మూడెను? ముప్పది యేండ్లు దాటిన యీ చరిత్రయే నేటి ప్రసంగవిషయము.

మొదట వెబ్బు స్వభావమును గుర్తించవలెను. జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను కణభౌతికశాస్త్ర పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో దీనికి తొలి ప్రతిపాదన వ్రాసెను. 1991 లో నది వెలుపలివారికి తెలియవచ్చెను. 1993 ఏప్రిల్ 30 వ తేదీన సెర్న్ వారు దీని నెవరైనను రుసుము చెల్లింపక వాడుకొనవచ్చునని ప్రకటించిరి. ఈ వెబ్బున పుటను కోరు బ్రౌజరునకును, పుట నొసగు సర్వరునకును నడుమ జరుగు సంభాషణకు హెచ్.టి.టి.పి. అను నియమావళి యేర్పడినది. ఆ నియమావళి ప్రకారము సర్వరు అడిగినదానికి బదులు చెప్పును, చెప్పి మఱచిపోవును.

పోస్టాఫీసు కిటికీలో స్టాంపులమ్ము గుమాస్తాను తలచుకొనుడు. అతడు చిల్లర పుచ్చుకొని స్టాంపు నిచ్చి, వరుసలోని తరువాతివానిని పిలుచును. మీరే మరల వరుసలో నిలిచి వచ్చినను, ఇందాక వచ్చితిరి గదా యని యడుగడు. వెబ్బు సర్వరును అట్టిదే. ఈ మఱపును దాని నిర్మాతలు బుద్ధిపూర్వకముగనే యేర్పఱచిరి. ఎవ్వరి లెక్కయు పెట్టుకొననక్కఱలేని సర్వరు అల్పయంత్రమైనను పెక్కుమందికి సమాధానము చెప్పగలదు. నడుమ నాగిపోయినను మరల లేచి, ఏమియు జరుగనట్లు పని సాగింపగలదు.

ఇట్టి లోకమునందే మన చారుడు పుట్టెను. 1993 జూను మాసమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో విద్యార్థియైన మాథ్యూ గ్రే 'వాండరర్' అను ప్రోగ్రామును వ్రాసెను. వెబ్బు ఎంత పెద్దది, ఎట్లు పెరుగుచున్నది యని లెక్కించుట దాని పని. ఒక పుటలోని లంకెను పట్టుకొని మఱొక పుటకు పోవుట, అచ్చటి లంకెలను పట్టుకొని యింకను ముందునకు పోవుట దాని మార్గము. 1994 ఏప్రిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థియగు బ్రయన్ పింకర్టన్ 'వెబ్‌క్రాలర్' అను దానిని లోకమున కిచ్చెను. పుటల శీర్షికలతో తృప్తి చెందక, వానిలోని మాటలన్నిటిని సూచికలో చేర్చుట దాని విశేషము.

ఈ తొలి చారులలో కొందఱు విచక్షణ లేక వచ్చిపడి చిన్న సర్వరులను ముంచివేసిరి. అందుచే మార్టైన్ కోస్టర్ అనునాతడు 1994 లో నొక మర్యాదను ప్రతిపాదించెను. ఇంటివారు తమ గడపలో నొక చీటి నుంచవలెను. ఏ గదులలోనికి రాగూడదో యందు వ్రాయవలెను. చారుడు లోనికడుగిడుటకు ముందు దానిని చదువుకొనవలెను. రోబోట్స్.టి.ఎక్స్.టి. అని ప్రసిద్ధమైన చీటి యిదియే. ఇరువదియెనిమిదేండ్లు కేవలము మర్యాదగనే నడచిన యీ యేర్పాటు 2022 సెప్టెంబరులో ఆర్.ఎఫ్.సి. 9309 అను పేర లిఖితప్రమాణమైనది. ఈ చీటిలో చారుని దారినిగూర్చిన నియమములే కలవుగాని, యతని స్మృతినిగూర్చిన మాట యొక్కటియు లేదు. దాని యవసరమప్పటి కింకను పుట్టలేదు. చారుడు కుకీకంటె ఒక యేడు పెద్దవాడు.

కుకీ 1994 జూనులో పుట్టెను. తరువాత నెట్‌స్కేప్ అని ప్రసిద్ధికెక్కిన సంస్థలో లూ మాంటుల్లి యను యువకుడు పనిచేయుచుండెను. వెబ్బులో నంగడి పెట్టవలెనను కోరిక యప్పుడే మొలకెత్తుచున్నది. అంగడికి వచ్చినవాడొక వస్తువును బుట్టలో వేసికొని, మఱొక పుటకు పోగానే, సర్వరు మొదటిదానిని మఱచిపోవుచున్నది. ఎం.సి.ఐ. అను టెలిఫోను సంస్థవారు సగము జరిగిన బేరముల లెక్కను తమ సర్వరులలో మోయలేమనిరి. మాంటుల్లి యాలోచించి యిట్లు పరిష్కరించెను: సర్వరు చిన్న యక్షరపంక్తి నొకదానిని బ్రౌజరు చేతికిచ్చును, బ్రౌజరు దానిని దాచుకొని, మరల నా సర్వరు దగ్గఱకు పోయినప్పుడెల్ల చూపును. రైల్వేస్టేషనులో సామాను దాచుకొనునప్పుడిచ్చు చీటివంటిదిది. చీటిమీది యంకె యర్థము మోయువానికి తెలియనక్కఱలేదు. ఇచ్చినవారికి తెలిసిన చాలును. ప్రోగ్రాము వ్రాయువారు ఇట్టి గుర్తును అదివఱకే మాజిక్ కుకీ యని పిలుచుచుండిరి. ఆ పేరే దీనికిని నిలిచెను. ఆ సంస్థవారు తమ పుటలకు వచ్చినవాడు క్రొత్తవాడో పాతవాడో తెలిసికొనుటకు దీనిని మొదట వాడిరి.

ఇచ్చట మాంటుల్లి వివేకమొకటి చెప్పదగినది. ప్రతి బ్రౌజరునకును మార్పులేని సంఖ్యయొకటి తగిలించినచో పని యింకను సులువయ్యెడిది. కాని యట్లు చేసిన, అన్ని యిండ్లవారును ఆ సంఖ్యను పోల్చుకొని మనుష్యుని వెన్నంటి తిరుగగలరని యాతడు దానిని తిరస్కరించెను. ఏ యింటివారిచ్చిన గుర్తు నా యింటివారికే చూపవలెనను నియమమును పెట్టెను. అయినను ప్రకటనలమ్మువారు పెక్కు పుటలలో తమ బొమ్మలనుంచి, ఆ బొమ్మలతోపాటు తమ గుర్తులను పంచిపెట్టి, నియమమును దాటిపోయిరి. 1996 ఫిబ్రవరిలో లండనునందలి ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక కుకీలనుగూర్చి వ్రాయువఱకు సామాన్యజనులకు తమ యంత్రములలో నిట్టి గుర్తులున్నవనియే తెలియదు. 1997 ఫిబ్రవరిలో డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లి కలసి వ్రాసిన ఆర్.ఎఫ్.సి. 2109 అను ప్రమాణపత్రము ఇతరుల కుకీలను బ్రౌజరులు తమంతట స్వీకరింపరాదని చెప్పెను. పెద్ద బ్రౌజరులవారు దానిని పాటింపలేదు.

ఇక చారునికిని కుకీకిని జరిగిన సమాగమమును చూతము. సర్వరు పుటతోపాటు కుకీని పంపినప్పుడు చారుడేమి చేయవలెను? పెద్ద శోధనయంత్రముల చారులు సాధారణముగా దానిని విడిచివేయుటకే నిశ్చయించుకొనిరి. దీనికి రెండు కారణములు కలవు. మొదటిది పనిసౌకర్యము. చారుడొక్కడు కాడు, పెక్కు యంత్రములు కలసి యొక్క చారుని పేర పనిచేయును. ఒక పుటను నేడొక యంత్రము తెచ్చును. దాని ప్రక్కపుటను మూడుదినముల పిమ్మట మఱొక యంత్రము తెచ్చును. మనుష్యుడు తలుపు తీసికొని వచ్చి, గదివెంట గది చూచి, వెడలిపోవు క్రమమిచ్చట లేదు. రాక యనునదియు పోక యనునదియు లేని చోట సెషనునకర్థమేమి?

రెండవ కారణము ధర్మసంబంధమైనది. కుకీ చూపినవానికి సర్వరు వాని యభిరుచినిబట్టియు, గతమునుబట్టియు పుటను మార్చి యిచ్చును. చారుడట్టి పుటను తెచ్చి సూచికలో చేర్చినచో, అది లోకమునకుద్దేశించిన పుట గాక యొక యతిథి కుద్దేశించిన పుట యగును. శోధనయంత్రముద్వారా వచ్చు చదువరి చాలవఱకు ఆ యింటికి క్రొత్తవాడే. కనుక క్రొత్తవానికేమి కనబడునో దానినే చారుడు చూచి రావలెను. స్మృతిలేమి యతనిని నిష్పక్షపాతియైన సాక్షిగా చేసినది.

ఈ సాక్షి యొక్కొకప్పుడు నవ్వు పుట్టించెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున గూగుల్‌ను నిర్మించిన సెర్గీ బ్రిన్, లారీ పేజ్ అనువారు 1998 లో ప్రకటించిన వ్యాసములో తమ చారుడు రెండుకోట్ల నలువదిలక్షల పుటలు తెచ్చెనని చెప్పుచు, ఒక సంగతి వ్రాసిరి. ఆ చారుడొకమారు వెబ్బుమీద జరుగుచున్న ఆటలోనికి పోయి, లంకెలన్నిటిని వరుసగా నొక్కుచుండగా, ఆడువారి నడుమ అర్థములేని సందేశములు వచ్చిపడెనట. ఆట యనిన గతక్షణమున జరిగినదానిపై నిలుచునది. గతక్షణమునే యెఱుగనివాడు అందు ప్రవేశించిన నింతకన్న నేమగును?

కాని నవ్వుటకు వీలులేని చిక్కులును కలిగినవి. కొందఱు సర్వరులవారు కుకీ లేనివానిని గడప దాటనీయకుండిరి. సర్వరు కుకీనిచ్చి, అతిథి దానిని మరల చూపునేమో యని పరీక్షించుటకు వెనుకకు పంపును. చారుడు కుకీ లేకయే మరల వచ్చును. సర్వరు మరల నిచ్చి మరల పంపును. గానుగెద్దువలె కొంతసేపు తిరిగి చారుడు విసిగి వెడలిపోవును. లేదా, 'కుకీలను స్వీకరించిన గాని లోనికి రానీయము' అను హెచ్చరికను మాత్రమే చదివి, ఆ యింటనున్న విద్య యంతయు నింతేయని సూచికలో వ్రాసికొనును. లోపల నెంతటి గ్రంథసంచయమున్నను, వెదకువారి కది లేనట్లే.

దీనికి విరుగుడుగా పుట్టినది తొలిరోగముకంటె కష్టమైనది. కుకీ పుచ్చుకొననివారికి గుర్తును చేతికిచ్చుటకు మాఱుగా, పుట చిరునామాలోనే యతికించు పద్ధతి వ్యాపించెను. 2000 మే మాసమున వెలువడిన పి.హెచ్.పి. నాలుగవ కూర్పులో సెషనులు నడపు సాధనముండెను; సర్వరువారు కోరినచో నది పుటలోని ప్రతి లంకె చివరను అతిథిసంఖ్యను తానే చేర్చును. జావా భాషలో వ్రాసిన సర్వరులందును ఇట్టి యేర్పాటే కలదు. చిరునామా చివర పి.హెచ్.పి.సెస్‌ఐడి యనియో, జె.సెషన్‌ఐడి యనియో యుండి, దాని వెనుక తోకవలె నక్షరములునంకెలును సాగియుండుట చూచినవారు శ్రోతలలో నుందురు.

చారుని గతి యేమగునో యూహింపుడు. అతడు కుకీ చూపడు గనుక, వచ్చిన ప్రతిసారియు క్రొత్తసంఖ్య తగిలింపబడును. పుటలోని లంకెలన్నియు నా క్రొత్తసంఖ్యతోనే యుండును. వేయి పుటలున్న యింటికి పదిమారులు పోయినచో పదివేల చిరునామాలు చేరును. ఇల్లొక్కటే, వచ్చినప్పుడెల్ల గుమ్మముమీది నంబరు మారుచున్నది. చారుడా నంబరులన్నిటిని వేఱువేఱు ఇండ్లని నమ్మి, ఒకే పుటను మరల మరల మోసికొని రాసాగెను. అతని కాలము వ్యర్థమయ్యెను. సర్వరు శక్తి వ్యర్థమయ్యెను. అసలు పుటలలో కొన్ని వంతు రాకయే మిగిలిపోయెను.

పండితులు దీనికి మందు వెదకిరి. కాంపాక్ సంస్థవారి పరిశోధనాలయమున అలన్ హేడన్, మార్క్ నాయోర్క్ అనువారు నిర్మించిన 'మెర్కేటర్' అను చారుని వర్ణన 1999 లో వెలువడెను. చిరునామాలలోని సెషనుసంఖ్యలవలన నొకే పుట యనేకముగా కనబడు సంగతిని వారందు ప్రస్తావించిరి. ప్రతి పుటనుండియు గణితముచే వ్రేలిముద్రవంటి సంఖ్యను తీసి దాచుకొని, క్రొత్తగా తెచ్చిన పుట ముద్ర పాతదానితో సరిపోయినచో దానిని మరల పరిశీలింపక విడిచిపెట్టుట వారి యుపాయము. అయితే పుటలోపలి లంకెలలోనే క్రొత్తసంఖ్య దూరియున్నచో ముద్ర మారిపోవును. అందుచే పూర్తిగా నొకటి కాకున్నను దాదాపు నొకటియైన పుటలను గుర్తించు విద్య యవసరమయ్యెను. 1997 లో ఆండ్రై బ్రోడర్ చూపిన మార్గమును, 2002 లో మోజెస్ చారికర్ చూపిన మార్గమును దీనికి పనికివచ్చెను. 2007 లో గుర్మీత్ సింగ్ మన్కు, అర్వింద్ జైన్, అనీశ్ దాస్ శర్మ యనువారు గూగుల్‌లో చేసిన పనినిబట్టి, ఎనిమిదివందలకోట్ల పుటలకైనను అఱువదినాలుగు బిట్టుల చిన్నముద్ర చాలునని తేల్చిరి. తాళపత్రప్రతులను పోల్చి పాఠభేదములను గుర్తించి, ఇవి యొక్క మాతృకకు పుట్టినవే యని నిర్ణయించు పరిష్కర్తల పనికి నిది దగ్గఱచుట్టము.

వ్యర్థశ్రమకంటె ఘోరమైన యపాయ మింకొకటి కలదు. సెషనుసంఖ్యతో గూడిన చిరునామా శోధనఫలితములలోనికి ఎక్కినదనుకొనుడు. దానిని నొక్కిన చదువరులందఱును ఒకే సంఖ్యతో లోనికి పోవుదురు. జాగరూకత లేని సర్వరు వారందఱిని ఒక్క మనుష్యునిగా నెంచును. ఒకని బుట్టలో వేసినది మఱొకనికి కనబడును. ఒకడు తన పేరు, ఊరు వ్రాసికొనినచో వేఱొకడు చదువవచ్చును. దుర్మార్గులు దీనినే యుపాయముగా జేసికొని, తామెఱిగిన సంఖ్యగల చిరునామాను అమాయకునిచేత తెఱపించి, అతడు తన రహస్యపదమును చెప్పి లోనికి పోయిన పిదప, అదే సంఖ్యతో తామును ప్రవేశింపగలరు. దీనికి సెషన్ ఫిక్సేషన్ అని పేరు. 2002 లో మిత్యా కోల్షెక్ దీనిని విపులముగా వ్రాసెను. ఇంటి చిరునామాను, ఇంటి తాళపుచెవిని ఒక్క కాగితముమీద వ్రాసి సంతలో పంచిపెట్టుటవంటి పని యిది. 2009 లో వచ్చిన పి.హెచ్.పి. 5.3 కూర్పునుండి సెషనుసంఖ్యను కుకీలో తప్ప చిరునామాలో పుచ్చుకొనకుండుట సహజస్థితి యయ్యెను.

శోధనయంత్రములవారును ఊరకుండలేదు. సెషనుసంఖ్యలు లేకుండ చారులను తిరుగనీయుడని గూగుల్‌వారు పుటల యజమానులకుపదేశించిరి. చారునికి మీ యిల్లెట్లు కనబడునో తెలియవలెనన్న లింక్స్ అను పాత బ్రౌజరుతో తెఱచి చూడుడనియు చెప్పిరి. బొమ్మలు చూపక అక్షరములనే చూపు ఆ లింక్స్‌ను 1992 లో కాన్సస్ విశ్వవిద్యాలయమున నిర్మించినవారిలో నొకడెవ్వడో తెలియునా? కుకీని కల్పించిన లూ మాంటుల్లియే. స్మృతినిచ్చు సాధనమును, స్మృతిలేనివాని చూపును పరీక్షించు సాధనమును ఒక్కచేతినుండియే వచ్చుట యీ చరిత్రలోని యొక చమత్కారము.

చారుని పేరు చూచి గుర్తుపట్టి, అతనికొక పుటను మనుష్యునికి వేఱొక పుటను చూపువారును బయలుదేరిరి. శోధనయంత్రములు దీనిని మోసముగా నెంచి శిక్షించుచున్నవి. సద్భావముగలవారికి మాత్రము 2009 ఫిబ్రవరి 12 వ తేదీన ఒక మార్గము తెఱువబడెను. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్టులవారు కలసి కెనానికల్ లంకె యను దానిని ప్రకటించిరి. పుట యెన్ని చిరునామాలతో కనబడినను, నా యసలుపేరిది యని పుట తానే చెప్పుకొనునట్లు చేయుట దీని స్వరూపము. ఎన్ని రూపములు కనబడినను ప్రాతిపదికమొక్కటే యని వ్యాకరణము చెప్పినట్లే యిది. 2012 ఏప్రిల్‌లో దీనికి ఆర్.ఎఫ్.సి. 6596 అను ప్రమాణపత్రమేర్పడెను. చిరునామాలో నే భాగమును లెక్కింపరాదో యజమానియే చెప్పునట్టి సాధనమును గూగుల్‌వారు 2009 లో నిచ్చి, 2022 ఏప్రిల్‌లో నెత్తివేసిరి. అప్పటికి యజమానులు చేసిన యేర్పాట్లలో నూటికొక్కటి మాత్రమే యుపయోగపడుచున్నదని వారే చెప్పిరి. చారుడు తోకను తలనుండి వేఱుచేసి చూడ నేర్చుకొనెనన్నమాట.

ఈ చారుడు కుకీని వాడలేని యసమర్థుడేమో యని సందేహింపనక్కఱలేదు. 2019 మే నెలనుండి గూగుల్ చారుడు క్రొత్త క్రోమ్ బ్రౌజరుతో సమానమైన సామర్థ్యముతో పుటలను తెఱచి, అందలి ప్రోగ్రాములను నడపి చూచుచున్నాడు. కాని యొక పుట ముగిసి మఱొక పుటకు పోవునప్పుడు కుకీలను, బ్రౌజరులో దాచుకొను నితరస్మృతులను తుడిచివేయును. అనగా మఱపు అతనికి వ్రతమైనది. అందఱు చారులకు నీ వ్రతము లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథభాండాగారమువారు నిర్మించిన 'హెరిట్రిక్స్' కుకీలను దాచుకొని చూపగలదు. పుటలను ముందుతరములకు భద్రపఱచుట దాని కర్తవ్యము గనుక, లోనికి పోవుటయే దానికి ముఖ్యము. అయినను చిరునామాలను పోల్చునప్పుడు సెషనుసంఖ్యలను కత్తిరించి చూచు నియమములు దానికిని కలవు.

నిత్యనూతనుడైన యీ యతిథివలన వర్తకుల లెక్కలును తలక్రిందులయ్యెను. 2011 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక నెలకిరువది వ్యాసములు ఉచితమనియు, తరువాత సొమ్ము చెల్లింపవలెననియు నేర్పఱచెను. ఇట్టి పరిమితులను లెక్కించుటకు కుకీ ముఖ్యసాధనము. కుకీ చూపనివాడెప్పుడును మొదటి వ్యాసమే చదువుచున్నట్లు లెక్క. శోధనఫలితమునుండి వచ్చిన చదువరికి ఆ మొదటి పుటనైనను పూర్తిగా చూపవలెనని గూగుల్‌వారు 2017 అక్టోబరువఱకు పట్టుబట్టిరి. పిదప ఎన్ని చూపవలెనో పత్రికలవారి యిచ్చకే విడిచిరి. కుకీలనుబట్టి సందర్శకులను లెక్కించువారికిని చిక్కు వచ్చెను. ఒక్క చారుడు వేయిమారులు వచ్చినచో వేయిమంది వచ్చిరని వ్రాసికొన్న యమాయకులుండిరి. లెక్కపుస్తకములోనుండి చారులను పేరుపేరున కొట్టివేయుట యిప్పుడొక నిత్యకృత్యము.

ఐరోపాదేశములలో 2009 లో సవరించిన శాసనముచేతను, 2018 మే 25 నుండి అమలులోనికి వచ్చిన సమాచారరక్షణ శాసనముచేతను, కుకీల విషయమున అతిథి సమ్మతి యడుగుట యాచారమయ్యెను. పుట తెఱచినతోడనే యడ్డువచ్చు ప్రశ్నపత్రములు మన కనుభవమే. చారుడు వానికి అవునని గాని కాదని గాని చెప్పడు. ప్రశ్న వెనుక వ్రాత యున్నచో చదువుకొనును. సమ్మతి లభించినగాని వ్రాతనే పంపని సర్వరునుండి వట్టిచేతులతో మరలును.

ఈ సంగతులు మన భాషకు దూరమైనవి కావు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను చూడుడు. అందలి ప్రతి వ్యాసమునకు నొక స్థిరమైన చిరునామా కలదు. చదువుటకు కుకీ యక్కఱలేదు. మీరు తెఱచినను, నేను తెఱచినను, చారుడు తెఱచినను కనబడునదా వ్యాసమే. అందుచే తెలుగుమాటను వెదకినవానికి అది సులభముగా దొరకుచున్నది. దీనికి భిన్నమైన యనుభవమును నాకు కలిగినది. ఒకచోట నొక పాతవ్యాకరణగ్రంథము నా కంటబడగా, దాని చిరునామాను వ్రాసికొని నా పూర్వశిష్యునికి పంపితిని. మఱునాడతడు తెఱచిచూడగా 'మీ సెషను ముగిసినది' అను మాటలు తప్ప నేమియు లేవు. నేను వ్రాసికొన్నది గ్రంథము చిరునామా కాదు. ఆ దినమున నేను లోనికి పోయిన రాక చిరునామా. నా శిష్యునికి పట్టిన గతియే చారునికిని పట్టును. నా శిష్యుడు నన్ను మరల నడుగగలిగెను. చారుడెవ్వరినడుగును? ఆ గ్రంథము లోకదృష్టిలో లేకయే పోవును. కోట్లకొలది పుటలున్న భాషలలో నొకటి మఱుగుపడిన, మఱొకటి యుండును. ఉన్న పుటలే కొలదియైన భాషకు ప్రతి మఱుగును లోపమే.

కావున పుటలను నిర్మించు మన యువకులు ఒక్క సూత్రమును గుర్తుంచుకొందురుగాక. గ్రంథమునకు గ్రంథము పేరుండవలెను. చదువరికి చదువరి గుర్తుండవలెను. మొదటిది చిరునామాలో నుండి అందఱికి నొక్కటే కావలెను. రెండవది కుకీలో నుండి, ఆ చదువరికిని ఆ యింటికిని మధ్యనే నిలిచిపోవలెను. బహిరంగముగా చదువదగినదానిని గుర్తు లేనివానికిని చూపవలెను. రహస్యముగా నుంచదగినదానిని గుర్తును పరీక్షింపక చూపరాదు. ఈ రెంటిని కలగలిపిన చోటులనే పై చిక్కులలో చాలభాగము పుట్టినవి. ఒకవంక చారుడు దారితప్పెను. మఱొకవంక మనుష్యుని గుట్టు బయటబడెను.

మనలను వెన్నంటి గుర్తుపెట్టుకొను యంత్రములు నానాటికి పెరుగుచున్నవి. ఆ నడుమ, గుర్తులు పుచ్చుకొనక, ప్రతి గుమ్మమున నపరిచితుడై నిలిచి, అపరిచితునికి కనబడినదానినే తెచ్చి చెప్పు చారుడొకడున్నాడు. ఊరు పేరు లేని సామాన్యచదువరి యేమి చూడగలడో యతడు ముందుగా చూచివచ్చుచున్నాడు. మన పుటలలో నతనికి దారి యున్నదో లేదో యొకమారు పరీక్షించుకొనుట మన పని.